మాట రాకపోయినా మాట తప్పనోళ్ళు

ఈ రోజు ఎపిసోడ్‌లో ఒక నల్ల కుక్క గురించి చెప్తాను. మధ్యలో నేను చేసిన ఒక తప్పు కూడా చెప్తాను. పదిహేను నిమిషాలు నాతో ఉండండి. ఫోన్ పక్కన పెట్టి చెవులకు పని చెప్పినా సరే.

మేముండేది కొల్లూరులో. సంగారెడ్డి జిల్లా, ఔటర్ రింగ్ రోడ్డు పక్కన. డబుల్ బెడ్రూం ఇళ్ళ కాలనీ అంటే మీలో చాలామందికి తెలుసు. 117 బ్లాకులు, 15,660 ఇళ్ళు. 2023 జూన్ 22న ప్రారంభించారు. అంతకుముందు మేము సిటీలో ఒక బస్తీలో, రేకుల ఇంట్లో ఉండేవాళ్ళం. నేను పటాన్‌చెరు వైపు ఒక కంపెనీలో పని చేస్తాను. సెకండ్ షిఫ్ట్ పడితే మధ్యాహ్నం రెండింటికి ఎక్కి రాత్రి పదింటికి దిగుతాం. కంపెనీ బస్సు సర్వీస్ రోడ్డు మీద దింపేసరికి పదకొండవుతుంది. అక్కడి నుంచి మా బ్లాకు దాకా నడకే.

ఆ నడకలో నాకు తోడు ఒకడున్నాడు. పేరు నల్లోడు. ఒళ్ళంతా నలుపు, ఛాతీ మీద మాత్రం ఇంత తెల్ల మచ్చ. బస్సు ఆగిన చప్పుడు వినగానే ఎక్కడున్నా లేచి వస్తాడు. పరుగెత్తి మీద పడడు, మొరగడు. నా ముందు నాలుగడుగుల దూరంలో నడుస్తాడు. నేను ఆగితే ఆగుతాడు. మా బ్లాకు స్టిల్ట్ దగ్గరికి రాగానే ఒకసారి వెనక్కి చూసి, పార్కింగ్‌లో తన మూలకు వెళ్ళి పడుకుంటాడు. అంతే. డ్యూటీ అయిపోయింది అన్నట్టు.

ఒకసారి నాకు జ్వరం వచ్చి నాలుగు రోజులు పనికి పోలేదు. తర్వాత వాచ్‌మన్ అన్న చెప్పాడు: "నీ బస్సు టైముకు రోజూ గేటు దాకా పోయి, కాసేపు కూసొని మళ్ళొస్తుండె తమ్మీ." ఆ మాట విన్నాక ఏమనాలో నాకు తెలియలేదు. నాకు ఫోన్లో ఎనిమిది వందల కాంటాక్టులున్నాయి. ఆ నాలుగు రోజుల్లో ఎలా ఉన్నావని మెసేజ్ పెట్టినవాళ్ళు ముగ్గురు.

ఇదేదో అద్భుతం అని నేను అనట్లేదు. కుక్కకు బస్సు ఇంజన్ చప్పుడు తెలుసు, నా నడక తెలుసు, నా వాసన తెలుసు. కానీ అది ఎందుకు పట్టించుకోవాలి? నేను దానికి ఏమవుతాను? ఈ ప్రశ్న పట్టుకుని రాత్రిళ్ళు కూర్చుని చాలా చదివాను. మీకు నచ్చే మూడు సంగతులు చెప్తాను.

ఒకటి. 2015లో జపాన్‌లోని అజాబు యూనివర్సిటీ వాళ్ళు ఒక పరిశోధన ప్రచురించారు. కుక్క, దాన్ని పెంచే మనిషి కళ్ళలో కళ్ళు పెట్టి చూసుకుంటే ఇద్దరిలోనూ ఆక్సిటోసిన్ అనే హార్మోన్ పెరుగుతోందట. తల్లి పసిబిడ్డను చూసినప్పుడు తల్లిలో పెరిగేది కూడా అదే. మనుషులు పెంచిన తోడేళ్ళతో కూడా చేసి చూశారు. వాటిలో అలా జరగలేదు.

రెండు. అవన్నీ ఇళ్ళల్లో పెంచుకునే కుక్కలు కదా, మన వీధి కుక్కల సంగతేంటి అంటారేమో. దాన్ని మన దేశంలోనే చూశారు. కోల్‌కతాలోని ఐసర్ సంస్థ శాస్త్రవేత్తలు రోడ్ల మీద తిరిగే కుక్కల ముందు రెండు గిన్నెలు పెట్టి, ఒకదాని వైపు వేలు చూపించారు. చాలా కుక్కలు భయంతో దగ్గరికే రాలేదు. వచ్చినవాటిలో మాత్రం 80 శాతం దాకా వేలు చూపించిన గిన్నె వైపే వెళ్ళాయి. ఎవరూ ట్రైనింగ్ ఇవ్వలేదు. అదే బృందం 2017లో ఇంకొకటి తేల్చింది. కొత్త మనిషి తిండి పెట్టినప్పటి కంటే, తల నిమిరినప్పుడే వీధి కుక్కలు ఆ మనిషిని ఎక్కువ నమ్మాయి. అంటే "బిస్కెట్ వేస్తే ఎవడి వెనకైనా పోతది" అని మనం అనే మాట పూర్తి నిజం కాదు.

మూడోది నాకు బాగా పట్టుకున్నది. 1914లో జర్మనీలో రాళ్ళు తవ్వేవాళ్ళకు ఒక పాత సమాధి దొరికింది. సుమారు 14,000 ఏళ్ళ నాటిది. అందులో ఒక మగమనిషి, ఒక ఆడమనిషి, వాళ్ళతో పాటు ఒక కుక్కపిల్ల. ఆ పిల్ల పళ్ళను పరీక్షిస్తే, దానికి డిస్టెంపర్ అనే జబ్బు చేసిందని తెలిసింది. ఆ జబ్బు వచ్చిన పిల్ల ఎవరూ చూసుకోకపోతే త్వరగా చనిపోతుంది. ఇది వారాల తరబడి బతికింది. అంటే వేటకు పనికిరాని, లేవలేని కుక్కపిల్లను ఎవరో కడిగి, నీళ్ళు తాగించి, వెచ్చగా పెట్టారన్న మాట. అప్పటికి వ్యవసాయం లేదు. రేపు తిండి దొరుకుతుందో లేదో తెలియని మనుషులు ఆ పని చేశారు.

ఈ కథ గుర్తు పెట్టుకోండి. మళ్ళీ దీని దగ్గరికే వస్తాను.

ఇప్పుడు నా తప్పు.

నల్లోడికి నేను రోజూ ఐదు రూపాయల పార్లేజీ ప్యాకెట్ పెట్టేవాణ్ణి. రాత్రి స్టిల్ట్ కింద, లిఫ్ట్ పక్కన. ప్యాకెట్ చింపిన చప్పుడుకి తోక ఊపుతూ వచ్చేవాడు. నాకు అదొక ఆనందం. వీడియోలు తీసి స్టేటస్ పెట్టేవాణ్ణి. లైకులు బాగా వచ్చేవి.

ఒక ఆదివారం సాయంత్రం, మా పై అంతస్తు అక్కవాళ్ళ బాబు, ఏడేళ్ళవాడు, చేతిలో బిస్కెట్ ప్యాకెట్‌తో కిందికొచ్చాడు. లిఫ్ట్ పక్కనే నిలబడి చింపాడు. నల్లోడు వచ్చాడు. నేను నేర్పిన పాఠమే కదా అది. ఆ మూల, ఆ చప్పుడు, అంటే తిండి. బాబు భయపడి చెయ్యి పైకెత్తాడు. నల్లోడు ప్యాకెట్ కోసం ఎగిరాడు. పన్ను చేతికి గీరుకుని రక్తం వచ్చింది.

బాబు ఏడుపు, వాళ్ళమ్మ కేక, జనం. ఎవరో పసుపు తెమ్మన్నారు, ఎవరో కారం పెట్టమన్నారు. వాచ్‌మన్ అన్నే తెలివిగా బాబును కుళాయి దగ్గరికి తీసుకుపోయి, సబ్బు పెట్టి కడగడం మొదలుపెట్టాడు. "పదిహేను నిమిషాలు కడగాలె, ఫోన్ల టైం పెట్టుండ్రి" అన్నాడు. మీకు ఇంకేమీ గుర్తులేకపోయినా ఈ ఒక్కటి గుర్తు పెట్టుకోండి. కుక్క పన్ను తగిలితే ధారగా పడే నీళ్ళతో, సబ్బుతో, పదిహేను నిమిషాలు. పసుపు వద్దు, కారం వద్దు, కట్టు వద్దు. వెంటనే ఆస్పత్రి. రేబిస్ లక్షణాలు బయటపడ్డాక మందు లేదు. బయటపడకముందే, ఆలస్యం చేయకుండా డాక్టరు చెప్పిన చికిత్స పూర్తిగా తీసుకుంటే దాదాపు ఎప్పుడూ ప్రాణాలు కాపాడుకోవచ్చు.

ఆ రాత్రి మా బ్లాకు వాట్సాప్ గ్రూప్ మండిపోయింది. "మున్సిపాలిటీకి పట్టియ్యుండ్రి." "ఆటోల ఏసి దూరం ఇడిసిపెట్టుండ్రి." ఒకరైతే విషం అన్నారు. నాకు కోపం ఆగలేదు. మూగజీవాల గురించి, విశ్వాసం గురించి, ధర్మరాజు స్వర్గం వాకిట్లో కుక్కను వదలని కథ గురించి పేజీలు పేజీలు టైప్ చేసి పెట్టాను. నేనే గెలిచాను అనుకున్నాను.

పొద్దున ఆ బాబు వాళ్ళమ్మ మా తలుపు కొట్టింది. తిట్టడానికి వచ్చిందనుకున్నా. తిట్టలేదు. నిద్ర లేని కళ్ళు. ఒకటే అడిగింది: "తమ్ముడూ, దానికి టీకా ఏయించినవా?"

నా దగ్గర సమాధానం లేదు.

ఏడాదిగా వాణ్ణి నావాడు అనుకుంటున్నాను. బిస్కెట్ పెట్టాను, ఫోటోలు తీశాను, పేరు పెట్టాను. టీకా వేయించలేదు. ఆ ఆలోచనే రాలేదు. చెప్పాలంటే, వాడు నాకోసం చేసేది పని. నేను వాడికోసం చేసేది సరదా.

ఫ్రెండ్స్, ఆ అక్క భయం ఊరికే వచ్చింది కాదు. 2023 ఫిబ్రవరిలో హైదరాబాద్ అంబర్‌పేటలో నాలుగేళ్ళ బాబును కుక్కలు చంపేశాయి. ఆ సీసీ కెమెరా వీడియో చూసి నిద్రపోలేనివాళ్ళున్నారు. 2024 జూన్‌లో మా పక్కనే, పటాన్‌చెరు దగ్గర ఇస్నాపూర్‌లో, బతుకుతెరువు కోసం బీహార్ నుంచి వచ్చినవాళ్ళ బిడ్డ, ఆరేళ్ళవాడు, అలాగే పోయాడు. ఆ తల్లి ముందు నిలబడి "కుక్కలు చాలా మంచివి" అని నేను చెప్పగలనా?

ఇంకో వైపూ ఉంది. 2024 ఫిబ్రవరిలో మహబూబ్‌నగర్ జిల్లా పొన్నకల్‌లో రాత్రిపూట 20 దాకా కుక్కలను తుపాకీతో కాల్చి చంపారు. పొద్దున లేచి చూస్తే వీధుల్లో శవాలు. అవి ఏ మనిషిని చూసినా తోక ఊపిన కుక్కలే అయ్యుంటాయి. తుపాకీ పట్టుకున్న మనిషిని చూసి కూడా.

సరే, మా కథకు వద్దాం. బాబుకు టీకాలు మొదలయ్యాయి. మొదటి రోజు, మూడో రోజు, ఏడో రోజు, ఇరవై ఎనిమిదో రోజు అని చీటీ రాసిచ్చారు. నేనే నా బండి మీద తీసుకుపోతానన్నాను. అక్క ఒప్పుకుంది. డాక్టరమ్మ ఇంకో మాట చెప్పింది: "కుక్క కళ్ళ ముందే ఉంటది కదా, పది రోజులు గమనించండి. పది రోజులు ఆరోగ్యంగా ఉంటే ఆ రోజు దానికి రేబిస్ లేనట్టే. కానీ టీకా మాత్రం ఆపొద్దు."

పది రోజులు. రోజూ రాత్రి బస్సు దిగుతుంటే గుండె కొట్టుకునేది. వస్తాడా రాడా? ఎలా నడుస్తున్నాడు? నోటి నుంచి చొంగ కారుతోందా? నీళ్ళు తాగుతున్నాడా? అంతకుముందు ఏడాదిలో ఒక్కసారి కూడా నేను వాణ్ణి అంత శ్రద్ధగా చూడలేదు. ఎడమ చెవి మీద పాత గాయం ఉందని అప్పుడే చూశాను. కుడివైపు ఒక పన్ను విరిగిందని అప్పుడే చూశాను.

ఆరో రాత్రి నల్లోడు రాలేదు.

గేటు దగ్గర లేడు. తన మూలలో లేడు. ఫోన్ లైట్ వేసుకుని బ్లాకు చుట్టూ తిరిగాను. నాలో రెండు భయాలు. జబ్బు చేసిందా? అలా అయితే ఆ బాబు? లేక ఎవరైనా ఏమైనా చేశారా? రాత్రి ఒంటిగంటకు నీళ్ళ సంపు వెనక దొరికాడు. వెనక కాలు వాచిపోయి ఉంది. ఎవరో రాయి వేశారు. నన్ను చూసి లేవబోయాడు, కాలు ఆనలేదు. లేవలేదు గానీ తోక కదిలింది. మట్టి మీద ఆ తోక టపటపా కొట్టుకున్న చప్పుడు నాకు ఇప్పటికీ వినిపిస్తుంది.

అక్కడే కూర్చుండిపోయాను. అప్పుడు నాకు రాణి గుర్తొచ్చింది. రాణి ఎవరో మీకు చెప్పలేదు కదా. బస్తీలో మా వాకిట్లో ఆరేళ్ళు పడుకున్న కుక్క. కొల్లూరుకు ఇల్లు మారిన రోజు ట్రాలీ ఆటోలో మంచాలు, బీరువా, గ్యాస్ బండ, పూలకుండీలు అన్నీ ఎక్కించాం. రాణిని ఎక్కించలేదు. మెయిన్ రోడ్డు దాకా ఆటో వెనక పరుగెత్తి వచ్చింది. అమ్మ వెనక్కి తిరిగి చూడలేదు. నేను చూశాను, చూసి ఫోన్ తీసుకున్నాను. ఆ తర్వాత ఇంట్లో ఎవ్వరం దాని పేరు ఎత్తలేదు. బస్తీల నుంచి వచ్చిన ఎన్ని ఇళ్ళల్లో ఇలాంటి పేరు ఒకటి ఉందో.

మరుసటి రోజు కొల్లూరు ఊళ్ళో టీ కొట్టు తాత దగ్గర ఇదంతా చెప్పుకున్నాను. తాత ఇక్కడి రైతు. భూమి ప్లాట్లు కాకముందు ఎడ్లతో సాగు చేసినవాడు. ఏరువాక పున్నమికి ఎడ్లను కడిగి, కొమ్ములకు రంగులేసి, ఊరేగించినవాడు. ఎడ్ల గురించి అడిగితే తాత ప్రేమ అనే మాటే వాడలేదు. పనులు చెప్పాడు. "పొలం కాడికెళ్ళి రాంగనే ముందుగాల వాటికి కుడితి. అవి తాగినంకనే మాకు బువ్వ. మెడ కాడ కాడి ఒరుసుకపోతే ఆముదం రాసి, మానేదాంక కాడి పెట్టకపోదుము. డెక్కలకు నాడెలు కొట్టిపిద్దుము. ఎద్దు మేత ముట్టకపోతే ఆ రాత్రి ఇంట్ల ఎవ్వలకు నిద్ర లేదు."

కొంచెంసేపు ఆగి అన్నాడు: "నోరున్న మనిషైతే ఆకలైతుందని అడుగుతడు, నొస్తుందని చెప్తడు. దానికి నోరు లేదు. గందుకే మనం కండ్లు పెట్టాలె బిడ్డా."

14,000 ఏళ్ళ నాటి ఆ సమాధిలో కుక్కపిల్ల గుర్తుందా? ఆ మనుషులు దాన్ని ఎంత ప్రేమించారో మనకు ఎలా తెలిసింది? వాళ్ళు రాసిపెట్టిన కవిత్వం వల్ల కాదు. వాళ్ళు చేసిన పని వల్ల. జబ్బు చేసిన పిల్ల బతికిన ఆ కొన్ని వారాల వల్ల. మాటల్లేని బంధం అని మనం తేలిగ్గా అంటుంటాం. మాటల్లేని చోట మిగిలేది పని ఒక్కటే. అవతలి జీవి తన వంతు పని రోజూ చేస్తోంది. మన వంతు మనం చేస్తున్నామా అన్నదే ప్రశ్న.

పదో రోజు గడిచింది. నల్లోడు కుంటుతూనే ఉన్నాడు గానీ ఆరోగ్యంగా ఉన్నాడు. పొద్దున్నే పైకి వెళ్ళి అక్కకు చెప్పాను. ఆమె తలుపు పట్టుకుని అట్లాగే నిలబడింది. ఒక నిమిషం తర్వాత "చాయ్ తాగుతవా" అంది.

ఆ తర్వాత మేం చేసిన పనులు చెప్తాను. మీ బ్లాకులో, మీ గల్లీలో కూడా చేయొచ్చు.

మొదటిది, మున్సిపాలిటీకి ఫిర్యాదు పెట్టాం. "కుక్కను తీసేయండి" అని కాదు. ఆపరేషన్ చేసి, టీకా వేసి, మళ్ళీ ఇక్కడే వదలమని. 2023లో కేంద్రం తెచ్చిన జంతు జనన నియంత్రణ నియమాలు చెప్పేది అదే. 2025 ఆగస్టు 22న సుప్రీంకోర్టు కూడా అదే చెప్పింది. రేబిస్ ఉన్నవి, ఉందని అనుమానం ఉన్నవి, మీద పడి కరిచే స్వభావం ఉన్నవి తప్ప, మిగతా కుక్కలను ఆపరేషన్, టీకా తర్వాత పట్టుకున్న చోటే వదలాలి. అదే ఏడాది నవంబర్ 7న స్కూళ్ళు, ఆస్పత్రులు, బస్టాండ్లు, రైల్వే స్టేషన్ల లాంటి చోట్ల నుంచి మాత్రం తీసేసి షెల్టర్లకు తరలించాలని, అక్కడ తిరిగి వదలొద్దని చెప్పింది. మాకు వ్యాన్ రావడానికి నెల పట్టింది. నాలుగుసార్లు ఫోన్ చేశాం. విసుగొచ్చినా చేశాం. నల్లోడు వెళ్ళి తిరిగొచ్చాడు, చెవి కొస కత్తిరించి ఉంది. ఆపరేషన్ అయిందని అదే గుర్తు. మీ వీధిలో కుక్క చెవి కొస చూడండి, తెలిసిపోతుంది.

రెండోది, తిండి చోటు మార్చాం. లిఫ్ట్ దగ్గర, మెట్ల దగ్గర, పిల్లలు ఆడే చోట పెట్టకూడదు. నియమాల్లోనూ ఇది ఉంది, సుప్రీంకోర్టూ దానికంటూ వేరే చోటు చూపించాలంది. మేము అందరినీ అడిగి, కాంపౌండ్ వెనక గోడ పక్కన ఒక చోటు అనుకున్నాం. బిస్కెట్ ప్యాకెట్ బంద్. ఒక గిన్నె, ఒకే టైము, తిన్నాక గిన్నె కడిగి పెట్టడం.

మూడోది, పిల్లలకు చెప్పాం. పరుగెత్తొద్దు. తినే కుక్క దగ్గరికి, పిల్లలున్న కుక్క దగ్గరికి పోవద్దు. కుక్క వస్తే చెట్టులా నిలబడాలి, చేతులు కిందికి. ఆ బాబే ఇప్పుడు మిగతా పిల్లలకు నేర్పుతున్నాడు, చేతి మీద మచ్చ చూపించి మరీ.

అన్నీ బాగైపోయాయి అని చెప్పను. రాయి వేసినవాళ్ళు ఎవరో ఇప్పటికీ తెలియదు. నల్లోడు ఆ కాలు కొంచెం ఎత్తి నడుస్తాడు. ఆ అక్కకు ఇప్పటికీ కుక్కలంటే భయమే. దగ్గరికి రానివ్వదు. రానివ్వాల్సిన పని కూడా లేదు. ఒక జీవిని ముద్దు చేయకుండానే దాని బతుకు దాన్ని బతకనివ్వొచ్చు.

రాణి కోసం బస్తీకి వెళ్ళాను. అవును, వెళ్ళాను. మేముండే చోట ఇప్పుడు వేరేవాళ్ళున్నారు. కొన్నాళ్ళు వాకిట్లోనే పడుకునేదని, తర్వాత కనబడలేదని చెప్పారు. ఇంటికొచ్చి అమ్మకు చెప్పాను. అమ్మ ఏమీ అనలేదు. ఆ రోజు నుంచి నల్లోడి గిన్నెలోకి అన్నం అమ్మే కలుపుతుంది. చల్లారిందో లేదో వేలు పెట్టి చూసి మరీ.

అందుకే ఈ ఎపిసోడ్ చూసే మీకు ఒకటే అడుగుతున్నా. మీ ఫోన్లో ఏదో ఒక కుక్క ఫోటో, పిల్లి ఫోటో ఉండే ఉంటుంది. అది తెరవండి. దానికి టీకా అయిందా? దానికి గాయం ఏమైనా ఉందా? రేపు మీరు ఇల్లు మారితే దాని సంగతేంటి? ఈ మూడింటికీ సమాధానం ఉంటే, ఆ ఫోటో సంతోషంగా స్టేటస్ పెట్టుకోండి. లేకపోతే ముందు ఒక ఫోన్ చేయండి.

నిన్న రాత్రి బస్సు లేటయింది. ట్రాఫిక్. నేను దిగేసరికి పన్నెండు. నల్లోడు సర్వీస్ రోడ్డు దగ్గరే ఉన్నాడు. ఎప్పటిలాగే ముందు నడిచాడు, కుంటుకుంటూ. ఈసారి నేనే నడక తగ్గించాను.

మీ కథలు కూడా పంపండి, చదువుతాను. మళ్ళీ వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. నమస్తే.